తొమ్మిదో పాఠం దగ్గర ఆగిన ఈశ్వరమ్మ

ఆత్మకూరు ఎందుకు వెళ్తున్నావని మా ఆయన అడిగితే, భూమిని కాపాడటానికి అన్నాను. "ఆదివారానికి వచ్చేస్తావుగా?" అన్నాడాయన. వచ్చేశాను. భూమి సంగతి చెప్పలేను గానీ, ఆ నాలుగు రోజుల్లో చూసినవీ తిన్నవీ, చీవాట్లు తిన్న సంగతీ చెబుతాను.

నేను పుట్టింది తణుకు దగ్గర, ఉద్యోగం విజయవాడలో. ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో పనిచేసేవాళ్ల కోసం ఫోన్లో చూసే అయిదు నిమిషాల పాఠాలు తయారుచేసే కంపెనీ మాది. పని చేసే చోట నీళ్లు, కరెంటు, చెత్త ఎలా చూసుకోవాలో చెప్పే వరసలో పద్నాలుగు పాఠాలున్నాయి. ఒక్కో పాఠానికి ఒక బొమ్మ కథ, మూడు ప్రశ్నలు, చివర్లో చప్పట్ల మోత. ఇంగ్లీషులో వాటిని రాసినవాళ్లెవరో నాకు తెలియదు. తెలుగులోకి తెచ్చిన పాపం మాత్రం నాదే. పద్నాలుగు అయిదులు డెబ్బై. డెబ్బై నిమిషాలు ఫోను చూస్తే చాలు, ఎవరైనా భూమిని ఉద్ధరించే అర్హత సంపాదిస్తారు. డ్రైవింగు లైసెన్సు కోసం ఇంతకన్నా ఎక్కువసేపు వరసలో నిలబడాలి.

ఆత్మకూరు పొలిమేరలో ఒక ప్రైవేటు పాల కేంద్రం ఉంది. చుట్టుపక్కల పల్లెల పాలు అక్కడ చల్లబరిచి ట్యాంకర్లలో పట్నానికి పంపుతారు. ఉదయగిరిలో వాళ్లదే ఇంకో చిన్న షెడ్డు ఉంది. పేరు చెప్పను. వీళ్ల పాలు కొనే ఐస్‌క్రీం కంపెనీ ఒకటి, పనివాళ్లందరూ మా పాఠాలు పూర్తిచేస్తేనే పాలు తీసుకుంటామని మెలిక పెట్టింది. అందరూ పూర్తిచేశారని స్వయంగా చూసి నివేదిక పంపడానికి నన్ను పంపించారు.

నెల్లూరు దాటాక

నెల్లూరులో బస్సెక్కాను. పక్క సీట్లో అరవై దాటిన రైతు, ఒళ్లో పశువుల దాణా సంచి. మా గోదావరి వైపు పక్కవాడి సంగతులన్నీ లాగేసరికి ఊరు వచ్చేస్తుంది గానీ, ముందు ఒక పావుగంట మర్యాదలు నడుస్తాయి. ఇక్కడ ఆ పావుగంట లేదు.

"యాడికి మా?"

"ఆత్మకూరండి."

"ఏం పని?"

"పాల కేంద్రంలో పనిచేసేవాళ్లకి పర్యావరణం గురించి నేర్పించడానికి."

ఆయన దాణా సంచి సర్దుకున్నాడు. "వాళ్లు ఏమన్నా పాడు చేసినారా?"

"అబ్బే, లేదండి. ముందు జాగ్రత్త."

"అయితే పాడు చేసినోళ్లకి ఎవురు నేర్పిస్తా ఉండారు?"

దానికి మా దగ్గర పాఠం లేదు. కిటికీలోంచి చూశాను. ఎర్ర నేల, అక్కడక్కడా నిమ్మతోటలు, రోడ్డుకి అడ్డంగా తీరిగ్గా నడిచే గొర్రెలు. డ్రైవరు హారన్ కొట్టకుండా బస్సాపి, అవి దాటేవరకూ కూర్చున్నాడు. మా ఊళ్లో అయితే డ్రైవరు ఆ గొర్రెల పుట్టుపూర్వోత్తరాలు ఎత్తి ఉండేవాడు.

ఆత్మకూరు

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. పొద్దున్నే ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కారం దోసె తిన్నాను. నలభై రూపాయలు. ఎర్రకారం దోసె మీద పరిచి, దాని మీద పప్పుల పొడి చల్లి ఇచ్చారు. "కారం కొంచెం తగ్గించండి" అన్నాను. దోసె పోస్తున్నావిడ అట్లకాడ ఆపి నన్ను పైనుంచి కిందికి చూసి, "కారం దోసెలో కారం తగ్గిస్తే ఏముండాది మా?" అంది. నిజమే. కళ్లు తుడుచుకుంటూ రెండోది కూడా తిన్నాను.

పాల కేంద్రంలో మేనేజరు మాధవరావు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు, మాటకు ముందు నవ్వు. కూర్చోబెట్టి, చిన్న ప్లాస్టిక్ సీసాలో నీళ్లు ఇచ్చాడు. షెడ్డులో ఇరవైమంది దాకా పనివాళ్లు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. నేను విద్యుత్ పొదుపు పాఠం తెర మీద పెట్టానో లేదో, కరెంటు పోయింది. మాధవరావు చిటికె వేశాడు. డీజిల్ జనరేటరు స్టార్టయింది. షెడ్డంతా దడదడలాడింది, నల్లటి పొగ కిటికీలోంచి లోపలికే వచ్చింది. ఆ పొగలో, ఆ చప్పుడులో, అవసరం లేనప్పుడు లైటు ఆర్పడం గురించి గొంతు చించుకుని చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఏమీ వినపడలేదని తర్వాత తెలిసింది.

కరెంటు వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. "కర్బన పాదముద్ర" అన్నాను. నా అనువాదాల్లో నాకు బాగా నచ్చిన మాట అది. ముందు వరసలో పాల లారీ డ్రైవరు చెయ్యెత్తాడు.

"ఎవురి పాదం మేడం?"

"అందరిదీ. మనం పెట్రోలు, డీజిలు వాడినప్పుడు పడే ముద్ర."

"లారీకి పాదం యాడిది మేడం? టైరు గదా."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, కాస్త ఆలస్యంగా. తర్వాత పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టెయ్యాలన్న పాఠం. అక్కడున్న ఆడవాళ్లలో సగంమందికి ఇంట్లో కుళాయి లేదు. వీధి పంపు దగ్గర బిందెలు పెట్టి వరస కాసేవాళ్లకి, ఇంటి ముందే కాలువ పారే ఊళ్లో పెరిగిన నేను, నీటి విలువ చెప్పి వచ్చాను. చప్పట్లు కూడా కొట్టించాను.

నూటికి ఒకటి తక్కువ

మధ్యాహ్నం మెస్సులో సోమశిల చేపల పులుసుతో భోజనం. నూట ఇరవై. పులుసులో మామిడికాయ ముక్క పడితే చేపకి ఇంత మర్యాద వస్తుందని నాకు తెలియదు. ఆ మత్తులోనే కేంద్రానికి తిరిగొచ్చి, కంప్యూటరు దగ్గర కూర్చునే సుభాషిణిని ఫలితాలు చూపించమన్నాను. ముప్పై ఏళ్ల మనిషి, నెమ్మది. తెర తిప్పి చూపించింది. అందరికీ పద్నాలుగు పాఠాలు పూర్తి. అందరికీ నూటికి నూరు. పైగా అందరూ ఒకే మధ్యాహ్నం పూర్తిచేశారు.

"ఇంత బాగా ఎలా నేర్చుకున్నారు?" అన్నాను.

సుభాషిణి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నేనే నేర్చుకున్నాను మేడం. అందరి తరపునా. సార్ చేసేయమన్నారు. మూడో మనిషికి వచ్చేసరికి జవాబులు నోటికొచ్చేసినాయి, బొమ్మలు దాటేసి అవే నొక్కినా."

అంటే పద్నాలుగు పాఠాల పరీక్ష ఒక్క మనిషే ఇరవైసార్లు రాసింది. మా పాఠాల వల్ల ఎవరైనా నిజంగా మారితే అది సుభాషిణే అయ్యుండాలి.

ఒక్క పేరు దగ్గర మాత్రం ఎర్ర చుక్క ఉంది. కె. ఈశ్వరమ్మ, క్యాన్లు కడిగే పని. తొమ్మిదో పాఠం దగ్గర ఆగిపోయింది.

"ఆమె నన్ను చెయ్యనియ్యలా మేడం. నా పాఠం నేనే చదువుకుంటానని ఫోన్ తీసుకునింది. ఏడో తరగతి చదివింది. ఒక్కోటీ రెండుసార్లు చూసింది."

తొమ్మిదో పాఠం పేరు 'చూస్తే చెప్పండి'. పనిచేసే చోట ఏదైనా కారుతున్నా, పగిలినా, పాడైనా పాఠం చివర ఉన్న డబ్బాలో రాయమంటుంది. ఆ డబ్బాలో ఒకరు నిజంగా రాయడం నేను మొదటిసారి చూశాను. ఈశ్వరమ్మ రాసింది ఇది: 'క్యానులు కడిగిన కాస్టిక్ సోడా నీళ్లు పోయే గుంత పగిలింది. నీళ్లు వెనక వాగులో కలస్తా ఉన్నాయి. జీవాలు తాగుతున్నాయి. బాగు చెయ్యాల.'

"మరి ఈశ్వరమ్మ ఏది?"

"ఉదయగిరికి మార్చినారు. ఇది రాసిన వారానికి."

ఇక్కడ మా కంపెనీ తెలివి కొంచెం చెప్పాలి. డబ్బాలో రాసింది మాకు వస్తుంది. మేం చదవం. దాన్ని కంప్యూటరు దానంతట అదే, రాసినవాళ్ల పేరుతో సహా, ఆ చోటి మేనేజరుకి పంపిస్తుంది. అంటే మేనేజరు మీద ఫిర్యాదు మేనేజరుకే. పాఠంలో మాత్రం తియ్యటి ఆడగొంతు, 'చెప్పినందుకు మీకు ఏ ఇబ్బందీ కలగదు' అని హామీ ఇస్తుంది. ఆ వాక్యం తెలుగు చేసింది నేనే. గొంతు కూడా నాదే.

మాధవరావుని అడిగాను. "ఉదయగిరిలో మనుషులు తక్కువైనారు మేడం, అంతే" అని నవ్వాడు. "ఆమె 'సమస్య పరిష్కారమైంది' అనే బటన్ నొక్కితేగానీ పాఠం ముగియదంట. రేపు మీరు పోయి కాస్త నొక్కించండి. నొక్కితే మళ్లీ ఈడికే తెచ్చుకుంటామని చెప్పండి."

"గుంత బాగుచేశారా?"

"చేయిస్తా ఉండాం మేడం." రెండో ఫోను మోగింది. ఆయన దానికోసమే ఎదురుచూస్తున్నట్టు లేచాడు.

గుంత ఆ షెడ్డు వెనకే, నేను కూర్చున్న కుర్చీకి వంద అడుగుల్లో ఉంది. వెళ్లి చూడాలని నాకు తోచనేలేదు.

ఉదయగిరి

మర్నాడు పొద్దున్నే బస్సు. కొండ దూరం నుంచే కనిపిస్తుంది, పైన కోట గోడలు విరిగిన పళ్లలా. ఎక్కి చూడమని బస్సులో ముగ్గురు చెప్పారు. వాళ్లలో ఎక్కినవాళ్లు ఎవరూ లేరు.

ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు చేసే ఇళ్లున్నాయి. ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ చెంచా పిడి మీద చేపపొలుసు చెక్కుతోంది. అరవై రూపాయలకి ఒకటి కొని, ఆమె ఇచ్చిన టీ తాగాను. ఊరికే ఉండలేక, "చెక్క వ్యర్థం ఏం చేస్తారు?" అని అడిగాను.

"అంటే ఏంది?"

"మిగిలిన ముక్కలు."

"పెద్ద ముక్క చిన్న చెంచా అవతాది. చిన్న ముక్క దువ్వెన అవతాది. పొట్టు పొయ్యిలోకి. నువ్వు తాగినావే టీ, దాంతో కాచిందే." నా మొహం చూసి జాలిపడింది. "మీ ఊళ్లో పారేస్తారా?"

వ్యర్థాల నిర్వహణ మీద నా దగ్గర రెండు పాఠాలున్నాయి, మూడో దానికి బడ్జెట్ అడిగాం. ఆమెకి చెప్పలేదు.

పాల షెడ్డులో ఈశ్వరమ్మ క్యాన్లు బోర్లించి ఆరబెడుతోంది. నలభై అయిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని ఉంది. కాస్టిక్ తగిలి వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేనెవరో చెప్పగానే, "గొంతు పట్టినాను. పాఠంలో మాట్లాడేది నువ్వే గదా" అంది.

చాలా గర్వపడ్డాను. అర నిమిషం పాటు.

"చెప్తే ఏ ఇబ్బందీ రాదని నువ్వేనా మా చెప్పింది?"

"నేనే."

"ఎవురు చెప్పమంటే చెప్పినావు?"

ఆమె కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అదే ఎక్కువ కష్టంగా ఉంది. ఆమె ఇల్లు ఆత్మకూరులో, ఇదివరకు కేంద్రానికి నడిచి వెళ్లేది. ఇప్పుడు చీకటితో లేచి బస్సు పట్టుకోవాలి. ఇంట్లో అత్తకి కళ్లు కనపడవు. మధ్యాహ్నం ఇంటికి పోయి అన్నం కలిపి పెట్టేది, ఇప్పుడు పక్కింటావిడ కాళ్లు పట్టుకుని ఆ పని అప్పగించింది.

మధ్యాహ్నం తన సంగటిలో సగం నాకు పెట్టింది. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. మేం గోదావరి జిల్లాల వాళ్లం అన్నం తప్ప మిగతాదంతా ఉపవాసం కింద లెక్కేస్తాం. ఆ సంగటి ముద్ద సాయంత్రం దాకా ఆకలి గుర్తు రానివ్వలేదు.

తిన్నాక ఫోను తీసి బటన్ చూపించాను. మాధవరావు చెప్పిన మాటే చెప్పాను. "ఇది నొక్కేస్తే మళ్లీ ఆత్మకూరుకి మార్చేస్తారట ఈశ్వరమ్మా."

ఆమె చెయ్యి తుడుచుకుని, ఫోను తీసుకుని, పెదాలు కదుపుతూ చదివింది. "సమస్య... పరిష్కారమైంది." నా వైపు చూసింది. "గుంత కట్టేసినారా?"

"కట్టిస్తున్నారట."

"నువ్వు చూసినావా?"

"లేదు."

"నిన్నంతా ఆడనే ఉండావు గదా?"

"ఉన్నాను."

"చూడకుండా ఎట్టా నొక్కమంటావు మా నన్ను? చూస్తే చెప్పండి అని నువ్వే గదా పాఠం పెట్టింది." ఫోను నా చేతిలో పెట్టేసి క్యాన్ల దగ్గరికి పోయింది. "నువ్వు పోయి చూడు. కట్టుంటే చెప్పు, ఈడనుంచే నొక్కతా. నాకు మాత్రం బస్సెక్కి తిరగాలని ఆశా?"

ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నా పాఠం ఒకరు నేర్చుకుని నాకే అప్పజెప్పడం అదే మొదలు.

షెడ్డు వెనక

నాలుగో రోజు పొద్దున్నే, మాధవరావు రాకముందే ఆత్మకూరు కేంద్రానికి వెళ్లాను. షెడ్డు వెనక కంపచెట్ల మధ్య సిమెంటు గుంత. ఒక పక్క గోడ నిలువునా చీలి ఉంది. క్యాన్లు కడుగుతున్న నీళ్లు తెల్లటి నురగతో వచ్చి, గుంతలో ఆగకుండా ఆ చీలికలోంచి జారి వాగులోకి పోతున్నాయి. వాసన ముక్కుని కోసింది. ఇంకొంచెం దగ్గరికి వెళ్లబోయి బురదలో కాలు జారి కూలబడ్డాను. చీరంతా నురగ.

"ఆ నురగ కడిగేసుకో మా, మంట పుడతాది!" అని ఎవరో కేకేశారు. గొర్రెలు తోలుకుంటూ ఒక పెద్దాయన, భుజాన గొంగడి. పేరు మాలకొండయ్య. తన సీసాలో నీళ్లు నా చేతుల మీద పోశాడు. ఆ సీసా ఆయనకి ఆ పూటంతటికీ తాగేనీళ్లు.

"జీవాలు ఇవి తాగుతున్నాయా?"

"తాగనిస్తానా? పైకి తోల్తా ఉండా. కానీ గొర్రెపిల్లలకి తెలవదు గదా, దప్పికైతే దిగతాయి. నోరంతా పొక్కిపోయి రెండు సచ్చినాయి."

"మేనేజరుకి చెప్పలేదా?"

"చెప్పినా. నీ గొర్రెల్ని మా వెనక్కి ఎవురు రమ్మన్నారన్నాడు. వాగు ఆయన వెనకాలికి ఎప్పుడొచ్చినాదో నాకు తెలీదు. మా నాయన కాలంనుంచీ ఈడనే ఉండాది."

ఫోటోలు తీశాను. గుంత, చీలిక, నురగ, వాగు. ఇంతలో మాధవరావు వచ్చి, నా చీర చూసి, మొదటిసారి నవ్వడం మర్చిపోయాడు. వెంటనే గుర్తు తెచ్చుకున్నాడు.

"ఈ చిన్నదానికి మీరెందుకు మేడం శ్రమ? బిర్యానీ తెప్పిస్తా ఉండా, తిని పోండి. మీ నివేదికలో నూటికి నూరు రాయండి. మళ్లీ ఏడాది కూడా మీ కంపెనీకే ఇస్తాం పాఠాలు."

నాకు ధైర్యం ఎక్కువని ఎవరూ అనుకోవద్దు. బిర్యానీ తిన్నాను. తలూపాను. నమస్కారం పెట్టి బస్సెక్కాను.

తిరుగు బస్సు

బస్సు కదిలాక నివేదిక తెరిచాను. శిక్షకురాలిగా నేను పంపేది ఐస్‌క్రీం కంపెనీకి నేరుగా వెళ్తుంది, మధ్యలో మాధవరావుకి పోదు. ఈశ్వరమ్మ పేరు పక్కన రెండు బటన్లు: పరిష్కారమైంది, కాలేదు. ఆమె వేళ్లు గుర్తొచ్చాయి. విజయవాడలో మా ఆఫీసు మేనేజరు మొహం కూడా గుర్తొచ్చింది. 'కాలేదు' నొక్కి, నాలుగు ఫోటోలూ జతచేసి, పంపాను. మిగతా అందరి పాఠాలూ ఒకే మనిషి చదివిందనీ, ఎవరో పేరు లేకుండా, రాసేశాను.

వెళ్లలేదు. సిగ్నల్ లేదు. బతుకులో ఒక్కసారి ధైర్యం చేస్తే, తెర మీద గుండ్రటి చక్రం తిరుగుతూ కూర్చుంది. మనసు మార్చుకోవడానికి నాకు అంత తీరిక ఎప్పుడూ దొరకలేదు. రెండుసార్లు రద్దు బటన్ దాకా వేలు వెళ్లింది. చివరికి ఫోను సంచిలో అడుక్కి తోసి, దాని మీద కూర్చున్నంత పని చేశాను. నెల్లూరు దగ్గర పడుతుండగా సంచిలోంచి 'టింగ్' మని వినపడింది. 

ఇంటికొచ్చాక

ఐస్‌క్రీం కంపెనీ వాళ్లు పాలు ఆపుతామని ఒక్క ఉత్తరం రాశారు. గుంత ఇద్దరు కూలీలు, మూడు బస్తాల సిమెంటుతో ఒక పూటలో కట్టేశారు. ఆ ఒక పూట పని కోసం ఈశ్వరమ్మ అప్పటికే రెండు నెలలుగా బస్సెక్కుతోంది.

మా ఆఫీసులో నాకు సన్మానం ఏమీ జరగలేదు. తొమ్మిదో పాఠం 'వాడుకరులకు గందరగోళంగా ఉంది' అని తేల్చి, అందులో రాసే డబ్బా తీసేశారు. ఇప్పుడు అక్కడ మూడు నవ్వు బొమ్మలున్నాయి, ఒకటి నొక్కాలి. ఏడుపు బొమ్మ లేదు. 'చెప్పినందుకు మీకు ఏ ఇబ్బందీ కలగదు' అన్న వాక్యం అలాగే ఉంచారు. ఇంకొంచెం ఆప్యాయంగా మళ్లీ చదివి రికార్డు చెయ్యమన్నారు. నేను చదవనన్నాను. వేరే అమ్మాయి చదివింది, నాకన్నా బాగుంది.

కొన్నాళ్లకి ఈశ్వరమ్మ ఫోన్ చేసింది.

"ఐస్‌క్రీం కంపెనీకి చూపించుకునేదానికి నా ఫోటో పెద్దది చేయించి ఆత్మకూరులో గేటు కాడ పెట్టినారు మా. 'పర్యావరణ రక్షకురాలు' అని రాసినారంట. సుభాషిణి పంపితే చూసినా."

"మరి మిమ్మల్ని అక్కడికి మార్చారా?"

"ఫోటోని మార్చినారు. నన్ను మార్చలా. నేను ఉదయగిరిలోనే ఉండా."

మిగతాది ఆమే చెప్పింది. ఒకరోజు సెలవు పెట్టి ఆత్మకూరు కేంద్రానికి పోయి, ఆ ఫోటో కిందే నిలబడిందట. మాధవరావు కారు దిగగానే, "సార్, ఈ ఫోటోలో మనిషి యాడ పనిచేస్తా ఉండాది?" అని అడిగిందట. ఆయన లోపలికి పోయాడట. అయితే మరుసటి వారం ఐస్‌క్రీం కంపెనీ వాళ్లు ఆ రక్షకురాలిని కళ్లారా చూడటానికి వస్తున్నామని కబురు పెట్టారు. దాంతో సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది.

"సోమవారం నుంచి ఆత్మకూరే మా. అత్తకి చెప్తే నమ్మలా."

సంతోషమేసింది. కానీ నోరు ఊరుకోలేదు. "వాళ్లు చూసి వెళ్లిపోయాక మిమ్మల్ని మళ్లీ ఉదయగిరి పంపేస్తేనో?"

ఈశ్వరమ్మ తొణకలేదు. వెనక క్యాన్లు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పంపితే పంపనీ. ఈడ గుంత కూడా చూసి పెట్టినాలే. ఇదీ పగిలే ఉండాది."